తీసుకుపోని గోలీలు

రోజూ అన్నం తిన్నాక ఒక గోలీ వేసుకుంటాను. ఒంట్లో కొవ్వు తగ్గడానికి డాక్టరు రాసిన గోలీ. శనగ బద్దంత ఉంటుంది. గుక్కెడు నీళ్లతో దిగిపోవాలి. నాకు మాత్రం చెంబెడు పడతాయి. అడ్డం పడేది గోలీ కాదని నా భార్యకు తెలుసు. ఇంకో గ్లాసు నీళ్లు పెట్టి తన పనికి తాను పోతుంది.

ఇలాంటి గోలీలే, ఆరు నెలలకు సరిపోయేన్ని, ఒకప్పుడు నన్ను నమ్మి నా చేతిలో పెట్టారు. గల్ఫులో ఉన్న ఒక మనిషికి ఇవ్వమన్నారు. నేను తీసుకుపోలేదు. తీసుకుపోలేదని చెప్పనూ లేదు. అసలు నాకు ఇవ్వనే లేదన్నాను. నా తప్పంతా ఈ నాలుగు మాటల్లోనే ఉంది. మిగతాది, దాన్ని నేను ఎన్ని దుప్పట్లతో కప్పానో చెప్పుకోవడమే.

ఆ మనిషిని నేను బావ అంటాను. మాకు చుట్టరికం లేదు. నాది కరీంనగర్ నుంచి జగిత్యాల పోయే దారిలో ఒక పల్లె, ఆయనది గోదావరి అవతల ఉట్నూర్ దగ్గర ఇంకో పల్లె. కంపెనీ క్యాంపులో ఎనిమిది మందికి ఒక గది. అందులో ఒకే ఇనుప మంచానికి పైన నేను, కింద ఆయన. ఇద్దరం కట్టడాల్లో ఇనుప సలాకలు కట్టే పనిలో ఉండేవాళ్లం. మొదటి నెలలోనే ఆయన నన్ను బావా అన్నాడు, నేనూ బావా అన్నాను. అట్లా ఆయన భార్య నాకు చెల్లె అయింది. ఆమె ఫోన్లో నన్ను అన్నా అని పిలిచేది. వరస కలిపింది గది కావచ్చు గాని, పదకొండేళ్లు మేం దాన్ని ఉత్తుత్తిగా వాడుకోలేదు. నాకు పచ్చకామెర్లు వస్తే నెల రోజులు గంజి కాచి పోసింది ఆయనే.

బావ బక్కమనిషి. ఎండుమిరపకాయలా ఉండేవాడు. ఒకసారి సెలవు మీద ఇంటికొచ్చినప్పుడు చెల్లె పట్టుబట్టి ఆయన్ను కరీంనగర్ తీసుకుపోయి రక్తపరీక్ష చేయించింది. ఎందుకంటే బావ వాళ్ల బాపు నలభై ఐదేళ్లకే చేనులో నిలబడ్డవాడు నిలబడ్డట్టే కూలిపోయాడు. పరీక్షలో కొవ్వు చాలా ఎక్కువగా ఉందని తేలింది. డాక్టరు గోలీలు రాశాడు. వాటిని రోజూ వేసుకోవాలని, మానొద్దని, తండ్రి సంగతి గుర్తుపెట్టుకోవాలని చెప్పాడట. బావ ఆరు నెలల గోలీలు వెంట తెచ్చుకుని, తిరిగొచ్చాక ఈ సంగతి గదిలో చెబితే మేమందరం పగలబడి నవ్వాం. అందరికంటే గట్టిగా నవ్వింది నేనే. నా పొట్ట అప్పటికే అంగీ గుండీలతో పోట్లాడుతోంది.

"నీ ఒంట్ల తూకానికి పావుసేరు మాంసం లేదు, కొవ్వు ఏడ దాసిపెట్టినవు బావా?" అన్నాను.

బావ కూడా నవ్వాడు. కానీ రోజూ గోలీ వేసుకునేవాడు. చెల్లె ఫోన్ చేసి అడిగేది, వేసుకున్నవా అని. ఆ ఆరు నెలలు అయిపోవచ్చే వేళకు నాకు సెలవు దొరికింది. తిరిగొచ్చేటప్పుడు నేను గోలీలు తేవాలని మా ఒప్పందం. ఆ గోలీలు అక్కడే కొనాలంటే క్లినిక్కుకు పోవాలి, దానికి పని మానాలి, ఫోర్‌మన్‌ను బతిమాలాలి. అందుకే ఊరి నుంచి ఎవరొచ్చినా మందులు తేవడం మా అందరికీ అలవాటు.

గల్ఫు పోయేవాడి ఇంట్లో ఆఖరి రోజు ఎట్లా ఉంటుందో మా వైపు అందరికీ తెలుసు. పొద్దున్నించే మనుషులు సంచులతో దిగుతారు. మావాడికి తొక్కు, మా తమ్ముడికి సకినాలు, మా అల్లుడికి ఈ అంగీ. కాదంటే చెడ్డవాడివి, ఔనంటే పెట్టె మూతపడదు. చెల్లె కూడా ఆరోజే వచ్చింది. ఉట్నూర్‌లో మొదటి బస్సెక్కి, జన్నారం మీదుగా మంచిర్యాల, అక్కణ్ణుంచి కరీంనగర్, కరీంనగర్ నుంచి మా ఊరు. ఒక డబ్బాలో ఇప్పపువ్వు లడ్డూలు తెచ్చింది. ఇంకో చిన్న గుడ్డసంచిలో గోలీలు. సంచి తనే కుట్టినట్టుంది, మూతికి దారం వేసి ముడి వేసింది.

"అన్నా, లడ్డూలు యాడన్న పెట్టుకో. లేకుంటే ఇడిసిపెట్టి పో. గీ గోలీలు మాత్రం నీ చేతిసంచిల పెట్టుకో. పెట్టెల వేస్తే పెట్టె పోయినా పోతది," అంది.

"ఫికర్ చెయ్యకు చెల్లె," అన్నాను. ఆ మాట ఇప్పుడు ఎవరు ఎవరితో అన్నా నా చెవులు మండుతాయి.

ఆమె మళ్లీ మూడు బస్సులు మారాలి కాబట్టి చాయ్ తాగి వెళ్లిపోయింది. మధ్యాహ్నం పెట్టెను స్ప్రింగ్ కాంటాకు వేలాడదీశాం. అర్ధకిలో ఎక్కువ చూపించింది. చేతిసంచీ నిండిపోయింది. నా భార్య రెండు సీసాల మాంసం తొక్కు పెట్టింది, ఒక సీసా తీసేద్దామంది. నేను ఒప్పుకోలేదు. అటూ ఇటూ సర్దాను. ఒక అంగీ తీశాను, సబ్బులు తీశాను. రెండో సీసా పెట్టెలో పట్టాలంటే, అందులోంచి తీసిన బట్టలకు చేతిసంచిలో చోటు కావలసి వచ్చింది. అప్పుడు ఆ గుడ్డసంచి తీసి గూట్లో పెట్టాను.

ఎందుకు తీశావంటే చాలా ఏళ్లు నా దగ్గర ఒక జవాబు సిద్ధంగా ఉండేది. మా క్యాంపులో ఒకతను గోలీలతో దిగితే విమానాశ్రయంలో పోలీసులు పట్టుకుని రెండు రోజులు కూర్చోబెట్టారని చెప్పుకునేవారు. అతనివి ఏం గోలీలో ఎవరికీ తెలియదు. ఆ భయంతో తీశానని నాకు నేను చెప్పుకున్నాను. అబద్ధం. భయం నిజమే, కానీ తీసింది భయంతో కాదు. తొక్కు నాది, గోలీలు ఇంకొకరివి. అంతే. నొప్పి లేదు, జ్వరం లేదు, మనిషి పరుగెత్తి పని చేస్తున్నాడు. పది రోజులు ఆలస్యమైతే కొంప మునుగుతుందా అనుకున్నాను. తరువాత పోయేవాళ్లతో పంపొచ్చు అనుకున్నాను.

గదిలో దిగి పెట్టె విప్పేసరికి మిగతా ఏడుగురూ చుట్టూ కూర్చున్నారు. లడ్డూల డబ్బా బావ చేతికిచ్చాను. ఆయన మూత తీసి వాసన చూసి, అందరికీ తలా ఒకటి పెట్టి, తరువాత అడిగాడు.

"గోలీలేవి బావా?"

ఇంట్లో మరిచిపోయిన అంటే సరిపోయేది. తిట్టి ఊరుకునేవాడు. కానీ ఆ క్షణాన నా రెండు తొక్కు సీసాలు ఎదురుగా మంచం మీద మెరుస్తూ ఉన్నాయి. ఇవి గుర్తున్నాయి, అవి గుర్తు లేవా అని ఎవడో ఒకడు అంటాడు. ఆ సిగ్గు తట్టుకోలేక నోరు జారింది.

"గోలీలా? ఇయ్యలే. గీ లడ్డూలే ఇచ్చింది."

బావ ముఖం చిన్నబోయింది. వెంటనే ఇంటికి ఫోన్ చేశాడు. చెల్లె ఏం చెప్పి ఉంటుందో నాకు తెలుసు. బావ గొంతు పెరుగుతూ పోయింది.

"ఇచ్చిన్నంటవేందే? మా బావ నా ముంగటనే కూసున్నడు. ఆయన నాతోని అబద్ధమాడుతడా? పదకొండేండ్ల సంది సూస్తున్న. మరిస్తె మరిసిన్నని చెప్పు. గంతేగాని మనిషి మీద నింద పెడ్తవా?"

ఫోన్ పెట్టేసి నా వైపు తిరిగి, ఏమనుకోకు బావా, ఆడోళ్లు తమ తప్పు ఒప్పుకోరు అన్నాడు. నేను ఆమె చేసిన లడ్డూ నములుతున్నాను. దాన్ని ఉమ్మలేక, మింగలేక కూర్చున్నాను. అప్పుడైనా చెప్పాలి. చెప్పలేదు. పైగా ఆయన్ను ఓదార్చాను.

"పోనీ తియ్యి బావా. నొప్పి లేని రోగం రోగమేంది? రోజూ రెండు ఎల్లిగడ్డ రెబ్బలు మింగు, నిమ్మకాయ పిండుకొని ఏడినీళ్లు తాగు. డాల్డా కరిగినట్టు కరుగుతది."

ఎవడో చెప్పగా విన్న వైద్యం. బావ నమ్మాడు. వెల్లుల్లి మింగాడు. నా తొక్కు కూడా తిన్నాడు, బాగుందని నా భార్యకు ఫోన్లో చెప్పాడు.

నా భార్యకు ఆ వారంలోనే గూట్లో గుడ్డసంచి దొరికింది. ఫోన్ చేసింది.

"గోలీలు గీడనే ఉన్నయి. డాక్టరు రాసిన చీటి గూడ పెట్టిందయ్యా లోపట, ఎవరన్న అడిగితే చూపెట్టనీకి."

నేను భయపడ్డానని చెప్పుకున్న భయానికి మందు కూడా చెల్లె అందులోనే పెట్టింది. నేను ముడి విప్పి చూస్తే కదా. ఎవరైనా వస్తుంటే పంపు అన్నాను. నెల రోజులు మా ఊరి నుంచి ఎవరూ రాలేదు. చెల్లె మళ్లీ కొన్నా, పంపడానికి ఆమెకూ ఎవరూ దొరకలేదు. ఇంకో నెలకు మా బాపుకు కూడా కొవ్వు ఉందని డాక్టరు గోలీలు రాశాడు. చూస్తే అదే గోలీ, అదే పవరు. నా భార్య ఏం చేయాలో అడిగింది. అప్పుడు నేను అన్న మాట రాయడానికి చెయ్యి రావడం లేదు. ఎట్లాగూ తారీఖు దాటిపోతయి, బాపుకు వెయ్యి అన్నాను. మా బాపు ఆ గోలీలన్నీ వేసుకున్నాడు. రెండు నెలలకు పరీక్ష చేస్తే కొవ్వు మంచిగా తగ్గింది. ఇప్పటికీ మా బాపు ఊరి చివర దాకా నడిచి వస్తాడు. ఆయన్ను చూసి సంతోషపడాలో సిగ్గుపడాలో నాకు తెలియదు. రెండూ పడుతుంటాను.

నేను వచ్చిన నాలుగు నెలలకు, ఒకరోజు పొద్దున పనికి పోయే బస్సు ఎక్కుతూ బావ మెట్టు మీద ఆగిపోయాడు. ఎడమ భుజం పట్టుకున్నాడు. ఫ్యాను కింద సరిగ్గా పడుకోలేదు, పట్టేసిందేమో అన్నాను నేను. ఆయన నా మీదకే ఒరిగాడు. చెమటకు ఆయన అంగీ, నా అంగీ రెండూ తడిసిపోయాయి. ఆస్పత్రిలో గుండెనాళం మూసుకుపోయిందని చెప్పి స్టెంటు వేశారు. బతికాడు. కానీ గుండెలో కొంత భాగం పనిచేయడం మానేసిందన్నారు. ఇక బరువులు ఎత్తొద్దన్నారు. సలాకలు కట్టేవాడు బరువు ఎత్తకుండా ఏం చేస్తాడు? రెండు నెలలకు ఇంటికి పంపేశారు.

గోలీలు వేసుకుని ఉంటే అది రాకపోయేదా? ఎవరూ ఒట్టు వేసి చెప్పలేరు. నేను మాత్రం ఈ అనుమానం వెనక చాలా కాలం దాక్కున్నాను.

నేను ఇంకో రెండేళ్లు ఆ మంచం మీదే ఉండి, తరువాత పూర్తిగా ఇంటికొచ్చేశాను. వచ్చిన నెలకు పండ్లు పట్టుకుని బావను చూడబోయాను. చెప్పేద్దామనే పోయాను. ఇంటి ముందు బావ చిన్న కిరాణా కొట్టు పెట్టుకున్నాడు. నన్ను చూడగానే లేచి కావలించుకున్నాడు. కొట్టులో ఆయన కుర్చీ పక్కన తాళం వేసిన రేకు డబ్బా ఉంది. అందులో ఆయన గోలీలు.

"గామెను నమ్మి ఒకసారి కూలవడ్డ. ఇగ నా గోలీలు నేనే సూసుకుంట," అని చెల్లె ముందే నవ్వుతూ అన్నాడు.

వాళ్ల అవ్వకు, అంటే బావ తల్లికి, చెవులు సరిగా వినపడవు. అందుకని ఆమె మాట్లాడితే వీధంతా వినపడుతుంది. వచ్చిన ప్రతి మనిషికీ చెప్పే మాట నాకూ చెప్పింది. కోడలు గోలీలు పంపకపాయె, బిడ్డ గిట్లయిండు అంది. అంతటితో ఆగలేదు.

"నువ్వన్న చెప్పు కొడుకా. గా దినం నీ చేతికి ఏమన్న ఇచ్చెనా?"

చెల్లె చాయ్ గ్లాసులు పట్టుకుని గడపలో నిలబడింది. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నాడట. నాకు ఆ పాటి ధైర్యం కూడా లేకపోయింది. పాత ముచ్చట్లెందుకు అవ్వా అన్నాను. చెల్లె చాయ్ నా ముందు పెట్టి, తాగన్నా, సల్లారుతది అంది. తాగి వచ్చేశాను.

ఆ మాట ఆ ఊళ్లో ఆమెకు పేరై కూర్చుంది. బాయి కాడ, కూలిలో, పెళ్లిళ్లలో. మొగుని గోలీలు మరిచిపోయిన మనిషి. నేను మరో ఏడాది అట్లాగే ఉండనిచ్చాను.

పోయిన ఏడు కరీంనగర్‌లో మోకాళ్ల నొప్పికి పోతే రక్తపరీక్ష రాశారు. కొవ్వు ఎక్కువ వచ్చింది. డాక్టరమ్మ చిన్న వయసుది, ఓపిక ఉన్నది. కాగితం మీద గొట్టం బొమ్మ గీసి చూపించింది. కొవ్వంటే కూరలో తేలే నూనె ఒక్కటే కాదని, మన కాలేయమే రోజూ దాన్ని తయారు చేస్తుందని, కొన్ని ఇళ్లల్లో అది తండ్రి నుంచి బిడ్డకు వస్తుందని, మనిషి బక్కగా ఉన్నా లావుగా ఉన్నా రక్తంలో ఎంతుందో పైకి తెలియదని చెప్పింది. చెడ్డ కొవ్వు నాళం గోడలో పేరుకుంటూ పోతుంది. పేరుకునేటప్పుడు నొప్పి ఉండదు. గోలీ వేసుకున్నంత కాలం అణగి ఉంటుంది. మానేస్తే కొన్ని వారాల్లోనే మళ్లీ మొదటికొస్తుంది.

"నొప్పి లేదని మాత్రం మానెయ్యకండి. అందరూ చేసే తప్పు అదే," అంది.

ఆ నొప్పి లేదన్న మాటే నేను ఎట్లా అన్నానో, వేడినీళ్లతో కలిపి ఎవరికి తాగించానో ఆమెకు తెలియదు. వేపుళ్లు తగ్గించమంది, రోజూ నడవమంది, మూడు నెలలకు మళ్లీ పరీక్ష చేయించుకోమంది. అన్నిటికీ తలాడించాను. బయటికొచ్చి మందుల దుకాణంలో స్ట్రిప్పు అరచేతిలో పెట్టుకుని తూకం చూశాను. ఒక స్ట్రిప్పు ఎంత బరువుంటుంది? ఊదితే ఎగిరిపోతుంది.

ఆ వారమే ఉట్నూర్ పోయాను. పత్తి ఏరే రోజులు. ఇంట్లో బావ ఉన్నాడు, చెల్లె చేనుకు పోవడానికి సద్దికట్టుకుంటోంది. కూర్చోమన్నా కూర్చోలేదు. నిలబడే చెప్పాను. గోలీలు చెల్లె నా చేతికిచ్చిందని, డాక్టరు చీటీ కూడా పెట్టిందని, నేను తొక్కు సీసా కోసం తీసి గూట్లో పెట్టానని, అవి మా బాపు వేసుకున్నాడని. ఏదీ దాచలేదు. దాచడానికి ఇక ఓపిక లేదు.

బావ నన్ను కొడతాడనుకున్నాను. కొడితే బాగుండుననుకున్నాను. ఆయన చెల్లె వైపు తిరిగి అడిగాడు.

"మరి నువ్వెందుకు గట్టిగ చెప్పలే?"

"చెప్పిన. రెండు దినాలు చెప్పిన. నువ్వు ఫోన్ పెట్టేసినవు."

"అటెన్క?"

చెల్లె సద్దిమూట ముడి వేయడం ఆపలేదు.

"అటెన్క నేనే ఆగిన. గా దేశంల నీకు తోడున్నది అన్న ఒక్కడే. మీ ఇద్దరికి లొల్లి వెట్టి నేనీడ కూసోని ఏం జేద్దును? నీకు పానం బాగలేకుంటే ఎవరు జూస్తరు? మాట నా మీదనే ఉండనీ అనుకున్న."

తరువాత నా వైపు చూసింది.

"గాని అన్నా, నువ్వు వచ్చినంక చెప్తవనుకున్న. పోయినసారి అత్త అడిగినప్పుడు చెప్తవనుకున్న."

నేను ఎవరికీ తెలియని అబద్ధం మోస్తున్నాననుకున్నాను ఇన్నాళ్లూ. పంపినావిడకు తెలియకుండా ఎట్లా ఉంటుంది? మొదటి రోజు నుంచీ తెలుసు. తెలిసే ప్రతిసారీ ఫోన్ ఎత్తి, అన్నా బాగున్నవా అని అడిగింది. తెలిసే చాయ్ పెట్టింది. నేను ఏడ్చాను. ఎవరూ నన్ను ఊరుకోమనలేదు, అది న్యాయమే.

బావ లేచి చెప్పులు వేసుకున్నాడు. నా ముఖం చూడకుండా అన్నాడు.

"మాకు చెప్పినవు, అయిపాయె. మా అవ్వ చేన్ల ఉంది. ఆమెకు గూడ చెప్పి పో."

ముగ్గురం చేనుకు నడిచాం. చేనులో పది పన్నెండు మంది ఆడవాళ్లు వరసల్లో పత్తి ఏరుతున్నారు. అవ్వ నడుముకు కట్టుకున్న గుడ్డ నిండా పత్తి. ఆమె దగ్గరికి పోయి మెల్లగా చెప్పాను. ఆమె చెవి దగ్గర చెయ్యి పెట్టుకుంది.

"ఏందయ్యా? ఇనవడలే. గట్టిగ జెప్పు."

గట్టిగా చెప్పాను.

"గోలీలు నీ కోడలు పంపింది అవ్వా. నేనే తీస్కపోలే. ఆమె పంపలేదని అబద్ధం చెప్పింది నేనే."

పత్తి ఏరే చేతులు ఆగిపోయాయి. నడుములు లేచాయి. వాళ్లెవరూ నా వైపు చూడలేదు. అందరూ నా వెనక నిలబడ్డ చెల్లెను చూస్తున్నారు. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడుస్తోంది. ఆమె ఏడవడం నేను అప్పుడే చూశాను. చివరి వరసలో ఉన్న ఒక ముసలమ్మ, నాకు సరిగ ఇనవడలే, మళ్ల చెప్పమను అని అరిచింది.

మళ్లీ చెప్పాను.